ముప్పై రెండో పేరు

ఏడున్నర పూజకి ఎనిమిది దాటినా ఫాదర్ గారు రాలేదు. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపించే ఉపదేశి నిత్యానందం గారు జపమాల రెండోసారి మొదలుపెట్టారు. మొదటిది అయిపోయాక ఒకసారి తలుపు వైపు చూశారు, చెరువు గట్టు మీద మోటార్ సైకిల్ చప్పుడు లేదు, మళ్ళీ మోకరించి సిలువ గుర్తు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. ఆడవాళ్ళ వైపు మూడో వరుస, కిటికీ పక్కన, అమ్మ కూర్చునే చోటు. అమ్మ పోయి రెండు నెలలు దాటింది, అయినా అక్కడ ఇంకెవరూ కూర్చోవడం లేదు, నాకే వదిలేస్తున్నారు. చాప కింద సిమెంటు చల్లగా తగులుతోంది. పూసలు వేళ్ళ మధ్య జరుగుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి, లోపల మాత్రం ఒకటే మాట, ఎందుకు రాలేదు, ఎందుకు రాలేదు. ఆలస్యం ఆయనకి కొత్త కాదు. ఐదు ఊళ్ళకి ఒక్కరే గురువు. ఆయన ఉండే చోట ఆరింటికి ఒక పూజ చేసి, అక్కణ్ణుంచి ఏడు కిలోమీటర్లు చేపల చెరువుల గట్ల మీద పడి రావాలి, కాబట్టి పావుగంటో ఇరవై నిమిషాలో మామూలే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ‘ఆదివారపు పూజకు తరచు ఆలస్యముగా వచ్చుచున్నారు’ అని రాసింది నేనే కదా, నల్ల సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా.

ప్రసాదరావు గారు నా ముందు, మగవాళ్ళ వైపు గోడకి ఆనుకుని కూర్చున్నారు. మోకరించడానికి మోకాళ్ళు సహకరించవు ఆయనకి. గుడి కమిటీ పెద్ద. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, “స్టెల్లా టీచర్ గారూ, అర్జీ పెడదామనుకుంటున్నామండి బిషప్ గారికి. మీ దస్తూరీ బావుంటుంది, మీరు రాస్తే చదువుతారండి” అన్నారు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని, రాయడం నా పని. లోపలికెళ్ళి తెల్లకాగితాలు తెచ్చుకున్నాను. ఇళ్ళు చూడ్డానికి రారు, మాట్లాడితే ముక్తసరిగా మాట్లాడతారు, ప్రసంగం అయిదు నిమిషాలకి ముగించేస్తారు అని ప్రసాదరావు గారు చెప్తుంటే నేను దాన్ని గ్రాంథికంలోకి మార్చి రాశాను. మూడో అంశం మాత్రం ఆయన చెప్పలేదు. అది నాది. ‘మరణావస్థలో నున్న విశ్వాసులకు అవస్థ అభ్యంగనము నిచ్చుటకు పిలిచినను రాలేదు.’ చివరి ఘడియల్లో నూనె పూసి చేసే ప్రార్థనకి రాలేదని. అమ్మ పేరు రాయలేదు. ప్రసాదరావు గారు ఆ వాక్యం చదివి నా మొహం చూసి కాగితం తిరిగిచ్చేశారు. సంతకాల్లో మొదటిది నాదే. తర్వాత నలభై అయిదు పడ్డాయి. ఏలూరులో బిషప్ గారికి ఇచ్చొచ్చామండి, మజ్జిగిచ్చి కూర్చోబెట్టారండి అని ఆయన చెప్పిన రోజు నాకు హాయిగా అనిపించింది, ఆ హాయి రెండు రోజులుంది, మూడో రోజు పిల్లలకి సంధులు చెప్తుంటే పోయింది.

జపమాలలో సంతోష దేవరహస్యాలా దుఃఖ దేవరహస్యాలా, నిత్యానందం గారు ఏవి చెప్తున్నారో కూడా వినలేదు నేను. ఈస్టర్ ముందు తపస్సు కాలం కాబట్టి దుఃఖానివే అయుంటాయి. పీఠం మీద ఊదారంగు గుడ్డ, ఒక కొవ్వొత్తి వంగింది, ఎవరూ సరిచేయడం లేదు. అమ్మ ఉంటే లేచి సరిచేసేది. అమ్మకి చదువు లేదు. నాట్లకీ కోతలకీ వెళ్ళింది, పొలాలు చెరువులయ్యాక చేపల మేత సంచులు మోసింది, అయినా ప్రతి గురువారం దీపాలు పెట్టే వేళకి స్నానం చేసి, చీర మార్చుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని పేర్లు చెప్పేది. తనకి బాప్తిస్మం ఇచ్చిన పొడుగు గడ్డం ఇటాలియన్ ఫాదర్‌తో మొదలు. తన పెళ్ళి చేసినాయన, నాకు బాప్తిస్మం నీళ్ళు పోసినాయన, మా నాన్నని సమాధి చేసినాయన, తాగుడికి పేరుపడి బదిలీ అయిపోయినాయన, మధ్యలో అన్నీ వదిలేసి పెళ్ళి చేసుకుని భీమడోలులో స్థిరపడ్డాయన. చనిపోయినవాళ్ళనీ బతికున్నవాళ్ళనీ విడదీసేది కాదు. ఒక పేరు, ఒక ఊపిరంత ఆగడం, ఇంకో పేరు. చిన్నప్పుడు నేను వెనక కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు అడిగాను, ఆ తాగుబోతు ఫాదర్ కూడా ఎందుకే అమ్మా అని. “మనందరి కోసం ఆళ్ళడుగుతారే దేవుణ్ణి. ఆళ్ళ కోసం ఎవరడుగుతారు చెప్పు” అంది, అదేదో బియ్యంలో రాళ్ళేరడంలాంటి పనైనట్టు. నేను టీచర్ ట్రైనింగ్ ఏలూరులో చేస్తున్నప్పుడు కథీడ్రల్లో కుర్రాళ్ళని ఫాదర్లని చేసే గురుపట్టాభిషేకానికి అమ్మని తీసుకెళ్ళాను. తెల్లబట్టల కుర్రాళ్ళు ముగ్గురు నేల మీద బోర్లా పడుకున్నారు, అందరూ పునీతుల ప్రార్థన పాడుతున్నారు, అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కేస్తోంది. బయటికొచ్చాక చూస్తే మణికట్టు మీద ఎర్రగా నాలుగు వేళ్ళూ ఉన్నాయి. “ఎంత చిన్నోళ్ళే” అంది. ఆ ముగ్గురి పేర్లూ అడిగి తెలుసుకుని ఆ గురువారం నుంచి కలిపేసింది.

ముప్పై రెండో పేరు బాలస్వామి ఫాదర్‌ది. అదే చివరిది. మూడేళ్ళ క్రితం మా దగ్గరికొచ్చారు, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, సన్నటి మనిషి. సొంతూరు తాడేపల్లిగూడెం. వాళ్ళమ్మ అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో గోనెసంచుల మూతులు కుడుతుంది, ఇప్పటికీ, కొడుకు ఫాదరైనా మానలేదట. మొదటి ప్రసంగంలో ఆ మాట చెప్పి నవ్వారు. అప్పట్లో నవ్వేవారు. ఆ నవ్వు ఎప్పుడు తగ్గిందో నేను గమనించలేదు, ఎవరూ గమనించలేదు, ఆలస్యం మాత్రం నిమిషాలతో సహా గమనించాం.

జనవరిలో ఆ మధ్యాహ్నం మూడున్నరకి మొదటిసారి ఫోన్ చేశాను. అమ్మ ఊపిరి తేడాగా ఉంది. ఏఎన్ఎం వచ్చి చూసి నన్ను బయటికి పిలిచి తల అడ్డంగా ఊపింది. ఫోన్ మోగింది, ఎత్తలేదు. అయిదు నిమిషాలాగి మళ్ళీ. అప్పుడు నిత్యానందం గారి ఫోన్ నుంచి. మళ్ళీ నా ఫోన్ నుంచి. మోగుతోంది, మోగుతోంది, ఆగిపోతోంది. అమ్మకి మాట ఇంకా పోలేదు. “ఫాదర్ గారొచ్చారా?” అంది. వస్తున్నారమ్మా అన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. బయల్దేరారమ్మా, గట్టు మీదున్నారు అన్నాను. నలభై ఏళ్ళు వాళ్ళ కోసం గోడకేసి కూర్చున్న మనిషికి నేను చివరగా చెప్పింది అబద్ధం. నిత్యానందం గారు పుస్తకం చూసి ప్రార్థన చదివారు, అభ్యంగనం ఇచ్చే అధికారం ఆయనకి లేదు కదా, నూనె లేని ఉత్త వేలితో అమ్మ నుదుటి మీద సిలువ గుర్తు వేసి కళ్ళు తుడుచుకున్నారు. దీపాలు పెట్టే వేళకి అమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు సమాధికి ఫాదర్ గారొచ్చారు. నా మొహం చూడలేదు. పూజ గబగబా ముగించి, మట్టి వేసి, మోటార్ సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి గురువారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆ గోడ దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు.

ఎనిమిదింబావు. వెనక వరుసలో ఎవరో లేచి వెళ్ళిపోతున్నారు, పట్టీల చప్పుడు. ప్రసాదరావు గారు వెనక్కి తిరిగి, జపమాల నడుస్తుండగానే, మెల్లగా అన్నారు, “చూశారాండీ, మనం రాసింది నిజమే కదండీ.” మనం అన్నారు. నిత్యానందం గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తీసేశారు. స్విచ్ ఆఫ్. ఆ మాట వరుసల్లో పాకింది, స్విచ్ ఆఫంట, స్విచ్ ఆఫంట. నా చేతిలో పూసలు ఆగిపోయాయి, ఎందుకంటే వీళ్ళెవరికీ తెలియనిది నాకొక్కదానికే తెలుసు. నిన్న ఆయన మా స్కూలుకొచ్చారు.

శనివారం, ఒంటిపూట బడి, పిల్లలు వెళ్ళిపోయారు, నేను పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. గుమ్మం దగ్గర నీడ పడింది. కూర్చోండి ఫాదర్ గారూ అన్నాను, మర్యాదకి. కూర్చోలేదు. “టీచర్ గారూ, గుడి బోర్డు మీద వాక్యాలు మీరే రాస్తారు కదండీ” అన్నారు. అవునండి అన్నాను. “అందుకే గుర్తుపట్టానండి. శుక్రవారం ఏలూరు పిలిచారు, అర్జీ చూపించారు. అక్షరాలు చూడగానే మీవని తెలిసింది.” నా చేతిలో ఎర్ర పెన్ను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండేది, నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు, “మూడోది నిజమండి. ఆ రోజు సిగ్నల్ లేక కాదు. ఫోన్ పక్కనే ఉంది. మీ పేరు కనపడింది. మంచం మీద పడుకుని చూస్తూ ఉన్నాను. ఎత్తలేకపోయానండి.” ఎందుకని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “ఆ ఉదయం పెదపాడులో ఒక సమాధికెళ్ళొచ్చానండి. మా బ్యాచ్ ఫాదరే, నాతో పాటే పట్టాభిషేకం. పన్నెండేళ్ళు సెమినరీలో ఒకే గదిలో పెరిగాం. గుండె ఆగిపోయింది. ఒక్కరే ఉన్నారండి ఇంట్లో, రెండ్రోజుల తర్వాత చూశారు. నేను తిరిగొచ్చి పడుకున్నాను. ఇంకో మరణం దగ్గరికి రావడానికి కాళ్ళు లేవలేదండి. సాకు చెప్పడం లేదు. మీకు తెలియాలని చెప్తున్నాను.” మా ఊళ్ళో ఎవరికీ తెలియదు ఆయన స్నేహితుడు పోయినట్టు. ఎవరూ అడగలేదు. అయినా నా మనసు కరగలేదు, ఇప్పుడు ఈ సిమెంటు మీద మోకరించి నిజం చెప్పుకోవాలి కదా, కరగలేదు. “అది నాతో చెప్పి ఏం లాభమండీ” అన్నాను. ఆయన తల ఊపారు. వెళ్ళబోయి ఆగారు. “మీ అమ్మగారు ఒకసారి నాతో అన్నారండి, మీరు ముప్పై రెండో వారండీ, గురువారం గురువారం మీ పేరు చెప్తున్నానండీ అని. నేను నవ్వేశాను అప్పుడు. ఈ రెండు నెలలూ ఎవరూ చెప్పడం లేదనుకుంటానండి. తెలుస్తోంది.” జాలి కోసం అనలేదు ఆ మాట. ఇంట్లో కరెంటు పోయిందని చెప్పినట్టు అన్నారు. దానికి నేను ఏమన్నాను? “నాకు పేపర్లున్నాయండి దిద్దుకోవాల్సినవి” అన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళారు. నేను ఎర్ర పెన్నుతో ఎవరి పేపరో మీద తప్పు లేనిచోట తప్పు పెట్టాను.

తెలుస్తోంది అన్నారు. ఏం తెలుస్తోంది, ఎలా తెలుస్తుంది. మనుషుల పేర్లు గోడకేసి చెప్తే ఏడు కిలోమీటర్ల అవతల ఒక మంచం మీద ఉన్నవాడికి తెలుస్తుందా? నేను నమ్ముతానా అది? అమ్మ నమ్మింది. నమ్మిందో లేదో కూడా తెలియదు, చేసింది. నేను వ్యాకరణం చెప్తాను, బోర్డు మీద వాక్యాలు రాస్తాను, అర్జీలు రాస్తాను. సరే, ఇప్పుడు చెప్తాను, ఇప్పుడే, ఇక్కడే, అనుకుని కళ్ళు మూసుకున్నాను. ప్రభువా. తర్వాత ఆయన పేరు. నాలుక పైకి లేవలేదు. ఫోన్ మోగుతోంది, ఆయన చూస్తున్నారు, అమ్మ అడుగుతోంది వచ్చారా అని. మళ్ళీ ప్రయత్నించాను. ప్రభువా. ఈసారి పెదపాడులో రెండ్రోజులు మూసి ఉన్న తలుపు కనపడింది. గట్టు మీద ఎక్కడో మోటార్ సైకిల్ జారి ఉంటుందా, లేక జారడం కాదేమో, రెండు పక్కలా నీళ్ళే కదా ఆ దారి, నిన్న నేను ఇంకొక్క మాట, ఒక్క మంచి మాట, కనీసం మంచినీళ్ళు తాగుతారా అని... నేను లేచి నిలబడ్డాను. జపమాల మధ్యలో. అందరూ చూస్తున్నారు.

“ఎక్కడికండీ?” అన్నారు ప్రసాదరావు గారు. “ఫాదర్ గారి కోసమండి.” “వస్తే వస్తారు లెండి, లేకపోతే ఇళ్ళకి పోదామండి.” “మీరు కూర్చోండి. నేను చూసొస్తాను” అన్నాను. నిత్యానందం గారు ప్రార్థన ఆపి, “జాగ్రత్త టీచరమ్మా, గట్టు బురదగా ఉంది” అన్నారు.

స్కూటీ మీద గట్టెక్కాను. కుడివైపు చేపల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, ఎడమవైపు మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క. గూడకొంగలు గుంపుగా లేచి మళ్ళీ వాలాయి. ఐస్ వ్యాన్ ఎదురొస్తే పక్కకి ఆపి, డ్రైవర్‌ని అడుగుదామని నోరు తెరిచి, ఏమని అడగాలో తెలియక మళ్ళీ బండి తీశాను. కాలవలోకి చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. గుర్రపుడెక్క మధ్య ఎక్కడ ఖాళీ కనపడినా బండి నెమ్మది చేస్తున్నాను. మూడు కిలోమీటర్లు వెళ్ళాక, తూము దగ్గర, గట్టు అంచున స్టాండ్ వేసి ఉంది ఆయన మోటార్ సైకిల్. దాని మీద ఎవరూ లేరు. నేను బ్రేకు వేశానో లేదో గుర్తు లేదు, స్కూటీ పక్కకి ఒరిగింది, దాన్ని అలాగే వదిలేసి పరిగెత్తాను. ఫాదర్ గారూ, అని అరిచాను, ఆ అరుపు నాది కాదు, ఏదో పక్షిది.

కింద, చెరువు వైపు వాలులో, గడ్డి మీద కూర్చుని ఉన్నారు. పూజ సామాన్ల సంచి ఒళ్ళో పెట్టుకుని. తల తిప్పి చూశారు.

“ఎన్నయిందండి?”

“ఎనిమిదీ నలభై అయింది.” ఆయన పక్కన కాస్త ఎడంగా నేనూ కూలబడ్డాను.

“ఆరింటి పూజ చేశానండి. బయల్దేరాను. ఇక్కడికొచ్చేసరికి మీ గుడి మీద సిలువ కనపడింది. బండి ఆపేశాను. ముందుకెళ్ళలేను, వెనక్కీ వెళ్ళలేను. తాడేపల్లిగూడెం పోయి మా అమ్మతో చెప్పేద్దామనుకున్నానండి, ఇక నా వల్ల కావడం లేదని. అదీ చెయ్యలేక కూర్చున్నాను.”

క్షమించండి అందామని దారంతా అనుకున్నాను. నోటికి వచ్చింది వేరు. “పొద్దున్నుంచి మీ పేరు పెట్టి ప్రార్థన చేద్దామని చూస్తున్నానండి. రావడం లేదు. నా కోపం ఇంకా పోలేదండి.”

ఆయన నీళ్ళ వైపు తిరిగారు. చెరువులో ఒక చేప ఎగిరి పడింది. “కోపం పోవాలనేం లేదండి. పోకుండానే పేరు చెప్పొచ్చేమో” అన్నారు.

నేను చెంగు తల మీదికి లాక్కున్నాను. ఏం అడగాలో తెలియలేదు, ఆయనకి ధైర్యమియ్యమనాలా, నాకు మనసియ్యమనాలా. అమ్మ ఎప్పుడూ ఏమీ అడగలేదు కదా, పేరు చెప్పి ఊరుకునేది. “బాలస్వామి గారు” అన్నాను, పైకే, నీళ్ళకేసి. ఒక ఊపిరంత ఆగాను. ఇంకేమీ జరగలేదు. గాలి వేసింది, ఏరియేటర్లు తిరుగుతున్నాయి, నా కోపం ఉన్నచోటే ఉంది, కాని దాని పక్కన ఇంకొకటి కూడా కూర్చునే చోటు దొరికింది. ఆయన మొహం చేతుల్లో పెట్టుకున్నారు. నేను అటు చూడలేదు.

తర్వాత లేవబోయి తూలారు. చెయ్యి పట్టుకున్నాను. “బండి నడపలేనేమోనండి. నిన్న మధ్యాహ్నం తిన్నాను, తర్వాత ఏమీ తినలేదు” అన్నారు సిగ్గుపడుతూ. మోటార్ సైకిల్‌ని తూము దగ్గర కాపలా ఉండే మనిషికి అప్పగించి, స్కూటీ లేపి, వెనక కూర్చోమన్నాను. సంచి మా ఇద్దరి మధ్య పెట్టుకున్నారు. దారిలో అన్నాను, “పూజయ్యాక మా ఇంట్లో భోంచేద్దురు గాని ఫాదర్ గారూ.”

“ఏం వండారండి?”

“ఇంకా ఏమీ వండలేదండి.”

ఆయన నవ్వారు. చిన్న నవ్వే, గాలిలో సగం పోయింది.

గుడి దగ్గర పాతికమంది మిగిలారు. ప్రసాదరావు గారు మెట్టు మీద నిలబడి ఉన్నారు. టీచర్ స్కూటీ వెనక నుంచి దిగుతున్న ఫాదర్ గార్నీ, ఆయన బురద కాళ్ళనీ, నా చీరనీ చూశారు. ముందుకొచ్చి ఆయన చేతిలోంచి సంచి అందుకుని, “రండి ఫాదర్ గారూ, కాళ్ళకి నీళ్ళు పోస్తాను” అన్నారు.

తొమ్మిదింబావుకి పూజ మొదలైంది. ఏలూరు నుంచి ఏ జవాబొస్తుందో తెలియదు, పంపిన కాగితం వెనక్కి రాదు, ఈయన వచ్చే ఆదివారం ఉంటారో లేదో ఆయనకే తెలియదు. నేను వెనక తలుపు దగ్గరే నిలబడిపోయాను. బైబిల్ పఠనాలు జరిగాయి, నాకు వినపడలేదు. ఇంట్లో నాలుగు వంకాయలున్నాయి, అవి చాలవు. పక్కింటి వీరరాఘవమ్మ గారినడిగితే గుడ్లిస్తారు, పులుసు పెట్టొచ్చు, చింతపండు నానబెట్టలేదు, వేణ్ణీళ్ళలో వేస్తే తొందరగా నానుతుంది. ఖాళీ కడుపు కాబట్టి కారం తగ్గించాలి, పెరుగు తోడుకుందో లేదో, ముందు మజ్జిగ ఇవ్వాలి, అన్నం మెత్తగా వండాలి. ఆయన గొంతు ఒక చోట సన్నబడి ఆగింది, మళ్ళీ అందుకుంది. అమ్మ ఉంటే ఇలా పూజలో వంట గురించి ఆలోచిస్తున్నందుకు డొక్కలో పొడిచేది. పొడిచేదో లేదో. పూజ అయ్యేదాకా నా మనసులో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.